పద్మినికి పికప్ లేదంటే ముందు బ్రేకులు చూడండి

నా దగ్గర 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఉంది. 1089 సీసీ ఇంజన్, కాగితం మీద 40 హార్స్‌పవర్, స్టీరింగ్ పక్కన హ్యాండిల్ గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఇటలీ ఫియట్ 1100 డిజైనే ముంబై కుర్లాలో తయారై, 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, డెబ్బైల్లో పద్మినిగా పేరు మార్చుకుని, 2000 ప్రాంతం దాకా పెద్దగా మార్పుల్లేకుండా వచ్చింది. స్కానర్ తగిలించి ఎర్రర్ కోడ్ చదువుకునే వీలు లేదు కాబట్టి జబ్బేంటో చెవితో, ముక్కుతో, చేత్తో తెలుసుకోవాలి. పాత బండి ఉన్నవాళ్లు, ముఖ్యంగా "పికప్ లేదు" అంటూ షెడ్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు చదవండి, మిగతావాళ్లకి బోరు కొట్టొచ్చు.

బండి గుంటూరులో ఒక రిటైర్డ్ పెద్దాయన దగ్గర కొన్నాను. బండితోపాటు డిక్కీలో ఒక గోనెసంచి కూడా వచ్చింది. అందులో ఒక పాత కార్బొరేటర్, ఇంకో కార్బొరేటర్ తాలూకు ముక్కలు, కాయిళ్లు, పెట్రోల్ పంపు, గుప్పెడు ప్లగ్గులు, పగిలిన డిస్ట్రిబ్యూటర్ క్యాపు. అన్నీ ఏళ్ల తరబడి మార్చి పక్కన పడేసినవి, పారెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. అది ఆ బండి మెడికల్ ఫైలే అనుకోండి, ఏ ఏటికాయేడు ఏ వైద్యం జరిగిందో మొత్తం అందులో ఉంది. నాకు విచిత్రంగా అనిపించింది ఏమిటంటే, అంత సంచిలోనూ బ్రేకులకి సంబంధించిన సామాను ఒక్క ముక్క కూడా లేదు.

ఆయన చెప్పిన కంప్లయింట్లు ఇవీ. పికప్ లేదు, మూడో గేరులో కూడా ఎక్కువ తొక్కాల్సి వస్తోంది. అరగంట నడిస్తే వేడి ముల్లు పైకి పోతుంది. ఎక్కడైనా ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ ఆగిపోతుంది, చల్లారేదాకా స్టార్ట్ కాదు. లీటరుకి 8 కిలోమీటర్లు కూడా రావట్లేదు. "ఇంజన్ బోరుకి వచ్చేసిందంటున్నారు బాబూ, నువ్వు ఎలాగూ చేయించుకోవాలి కాబట్టి ఆ మేరకు తగ్గించే ఇస్తున్నా" అన్నారు. బ్రేకుల సంగతి అడిగితే, "బ్రేకులకేం, కొంచెం ఎడమకి లాగుతుంది, అలవాటైపోతుంది" అన్నారు. నాకు మాత్రం ఇంజన్ గురించి చెప్పినదంతా కంటే ఈ చివరి ముక్కే బుర్రలో తిరిగింది.

సరే, బోరు అంటే చిన్న ఖర్చు కాదు. ఇంజన్ దించాలి, లేతు మీద సిలిండర్లు కోయించాలి, ఓవర్‌సైజు పిస్టన్లు దొరకాలి, ఇవాళ అవి దొరకడమే ఒక పెద్ద పని. అందుకని ముందు కంప్రెషన్ చూశాను. ఇంజన్ వేడిమీద ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసేసి, కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి (ఇది చాలామంది మర్చిపోతారు, థ్రాటిల్ మూసి ఉంటే గాలి లోపలికి పోదు, రీడింగ్ తప్పు వస్తుంది), గేజి ఒక్కో ప్లగ్గు బొక్కలో పెట్టి సెల్ఫ్ కొట్టించాను. నాలుగింట్లోనూ 120, 130 పీఎస్ఐ మధ్యలో వచ్చింది. ఈ వయసు బండికి అంతకంటే ఏం కావాలి? ఒక సిలిండర్‌లో బాగా తక్కువ వస్తే ఆ బొక్కలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవట్లేదన్నట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి పడిపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. ఈ ఇంజన్‌కి బ్లాకు పోతఇనుము, హెడ్డు అల్యూమినియం, కాబట్టి ఒకసారి గట్టిగా వేడెక్కిస్తే హెడ్డు వంగిపోయే ప్రమాదం ఉంది. నాదాంట్లో అవేమీ లేవు, సైలెన్సర్‌లో నీలం పొగ లేదు, రేడియేటర్‌లో నీళ్లు తగ్గట్లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లబడలేదు. అంటే బోరు మాట ఉత్తదే.

ఇంజన్ బాగుండి, బండి కదలకపోతే, ఏదో ఒకటి దాన్ని పట్టుకుని ఆపుతున్నట్టే కదా.

దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద ముప్పై స్పీడులో న్యూట్రల్ చేసి వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్న బండి తాపీగా, ఎక్కడ ఆగిందో తెలియనంత మెల్లగా ఆగాలి. నాది చప్పున స్పీడు తగ్గి, చివర్లో ముక్కు కొంచెం కిందికి వంచి మరీ ఆగింది, ఎవరో చిన్నగా బ్రేకు తొక్కినట్టు. దిగి నాలుగు చక్రాల మీదా వేళ్లతో నీళ్లు చిలకరించాను. మూడు చక్రాల మీద నీళ్లు అలాగే నిలిచాయి, ముందు కుడి చక్రం డ్రమ్ము మీద మాత్రం చుర్రుమని ఆవిరైపోయాయి. దగ్గరికి వెళ్తే కాలిన బ్రేకు లైనర్ వాసన. (చెయ్యి పెట్టి చూడకండి, చర్మం ఊడొస్తుంది. నీళ్లు చాలు.)

ఇప్పుడు ఆ "ఎడమకి లాగుతుంది" సంగతికి వద్దాం. నడిపి చూస్తే లాగడం రెండు రకాలుగా ఉంది. బ్రేకు తొక్కగానే ఎడమకి పోతోంది, కాలు తీసేశాక కాసేపు కుడికి పోతోంది. రెండోది చాలా చిన్నగా ఉండడంతో ఆయన గమనించి ఉండరు. ఈ రెండూ కలిసి కనబడితే నేను ఇంకేం చూడకుండా కుడి పక్క రబ్బరు హోస్ పైపు మీదే అనుమానపడతాను. బ్రేకు ఆయిల్ హోసు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి రబ్బరు పొర ఉబ్బి, ఊడిపోయి దారికి అడ్డం పడుతుంది. తొక్కినప్పుడు కుడి చక్రానికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, ఈలోపు ఎడమ చక్రం పట్టేస్తుంది, బండి ఎడమకి లాగుతుంది. కాలు తీశాక ఆ ఆయిల్ వెనక్కి రావాలి. మన కాలికి ఉన్న బలం, డ్రమ్ముని లోపలినుంచి ఒత్తే షూలని వెనక్కి లాగే స్ప్రింగులకి ఉండదు, కాబట్టి అది ఇరుకు దారిలో మెల్లమెల్లగా వస్తుంది, లేదా అసలు రాదు. అంతసేపూ కుడి చక్రం బ్రేకు పట్టుకునే ఉంటుంది. అలా పట్టుకుని నడిస్తే డ్రమ్ము వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి ఆయిల్ వ్యాకోచించి ఇంకా గట్టిగా పడుతుంది. నలభై హార్స్‌పవర్లలో కొన్ని గుర్రాలు పొద్దస్తమానం ఆ చక్రాన్ని ఈడవడానికే సరిపోతే పికప్ ఎక్కడినుంచి వస్తుంది? ఇంజన్ వేడెక్కదా, పెట్రోల్ తాగదా?

అనుమానం ఉన్నంత మాత్రాన హోసు కొనేయకూడదు, రుజువు చేసుకోవాలి. బండి నడిపి, చక్రం పట్టేసి ఉన్నప్పుడే జాకీ ఎత్తి (వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, కింద స్టాండు పెట్టి, జాకీని నమ్ముకుని కిందికి దూరకండి) చక్రం తిప్పితే చేతికి తిరగలేదు. ఆయిల్ ప్రెషర్ వల్ల పట్టుకుందా, లోపల షూలే బిగుసుకున్నాయా అని తెలియాలంటే చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిప్పల్‌ని పావు చుట్టు వదులు చేయాలి. నేను చేయగానే ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం ఫ్రీ అయిపోయింది. అంటే ప్రెషర్ లోపల ఇరుక్కుని ఉంది. నిప్పల్ విప్పినా చక్రం వదలకపోతే తప్పు డ్రమ్ము లోపలే ఉన్నట్టు. అడ్జస్టర్ బిగువు, స్ప్రింగు సాగిపోవడం, షూలని తోసే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పుపట్టి ఇరుక్కోవడం, వీటిలో ఏదో ఒకటి.

మరి ప్రెషర్‌ని ఆపుతున్నది హోసా, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండరా? మళ్లీ రోడ్డు మీద తిప్పి, పట్టేశాక, ఈసారి నిప్పల్ ముట్టుకోకుండా హోసుకి అవతల, ఇనప పైపు వచ్చి కలిసే చోట నట్టు వదులు చేశాను. చక్రం వదల్లేదు. నిప్పల్ విప్పితే వదిలింది. దొంగ ఆ రెండింటి మధ్యలో, అంటే హోసులోనే ఉన్నాడు. అదే, పైన నట్టు విప్పగానే చక్రం ఫ్రీ అయ్యుంటే మాస్టర్ సిలిండర్ వైపు చూడాల్సి వచ్చేది. నాలుగు చక్రాలూ పట్టేస్తుంటే మాత్రం హోసుల జోలికి వెళ్లకుండా ముందు పెడల్‌కి ఫ్రీ ప్లే ఉందో లేదో చూడండి. పెడల్‌ని వేలితో నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు ఉత్తినే కదలాలి. అది లేకుండా రాడ్డు బిగించేస్తే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లే సన్నటి బొక్క మూసుకుపోయి ఉంటుంది, వేడెక్కేకొద్దీ నాలుగు చక్రాలూ వాటంతటవే బిగుసుకుంటాయి. పెడల్ కింద ఎక్స్‌ట్రా కార్పెట్టు వేసి ఇదే తిప్పలు తెచ్చుకున్నవాళ్లని చూశాను.

తీసిన హోసుని నిలువునా బ్లేడుతో కోసి చూశాను. లోపల దారి సగానికి పైగా మూసుకుని, ఊడిన రబ్బరు పొర ఒక నాలుకలా వేలాడుతోంది. బయట చిన్న పగులు కూడా లేదు. అందుకే చూసి బాగుందనుకోవడానికి లేదు, పాత బండి కొంటే హోసులు మూడూ నాలుగూ ఎన్నుంటే అన్నీ మార్చేయండి. కొత్త హోసు కొనేటప్పుడు దాని మీద తయారీ తేదీ ఉందేమో చూడండి. షాపులో పదేళ్లు అటక మీద పడున్న హోసు కొత్తది కాదు, వాడని పాతది.

మా విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పని లేదు. రేడియేటర్ సోల్డరింగ్ ఒక షాపు, లేతు ఒకటి, లైనర్లు రివిట్లు కొట్టేవాడు ఒకడు, స్ప్రింగు పట్టీలు ఒకచోట, సెల్ఫ్ మోటార్ వైండింగ్ ఇంకోచోట. ఆ పనితనాన్ని వంక పెట్టడానికి లేదు. అయితే ఇంజన్ మేస్త్రి వేరు, బ్రేకు మేస్త్రి వేరు అయ్యేసరికి "పికప్ లేదు" అని వెళ్లినవాడు నేరుగా ఇంజన్ మేస్త్రి దగ్గరికే వెళ్తాడు, ఆయన తనకి తెలిసిన ఇంజనే విప్పుతాడు. ఆయన్ని తప్పుపట్టలేం, మనం చెప్పిందే అది. గోనెసంచి ఎలా నిండిందో నాకప్పుడు అర్థమైంది. అందుకే ఇప్పుడు నేను ఎక్కడికెళ్లినా రోగం పేరు చెప్పను, లక్షణం చెప్తాను. "కార్బొరేటర్ చూడండి" అనను, "చదును రోడ్డు మీద న్యూట్రల్ చేస్తే తొందరగా ఆగిపోతోంది" అంటాను.

హోసు మార్చడంతో అయిపోలేదు. డ్రమ్ము ఊడదీస్తే లైనర్లు కాలి నల్లగా అద్దంలా నిగనిగలాడుతున్నాయి. అలా గ్లేజింగ్ వచ్చిన లైనర్లతో పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది గానీ బండి ఆగదు. వెనక ఎడమ చక్రంలో వీల్ సిలిండర్ కారుతోంది, ఆ తడి లైనర్ దాకా చేరింది. ఆయిల్ పీల్చిన లైనర్‌ని పెట్రోల్‌తో కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేసేవాళ్లున్నారు, దయచేసి అలా చేయొద్దు, నడిచి వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. ఒక పక్క మార్చితే రెండో పక్క కూడా మార్చాలి, లేదంటే మళ్లీ ఒక వైపుకి లాగుడు మొదలు. డ్రమ్ము లోపల గాడులు పడితే లేతు మీద సన్నగా కోయించండి, మరీ పల్చబడిందంటే వేరే డ్రమ్ము వెతుక్కోవాల్సిందే. ఇంకో మాట, పాత లైనర్లలో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము తియ్యగానే ఎయిర్ గన్ పెట్టి ఆ దుమ్ము ఊదేయడం మన దగ్గర మామూలే, పక్కన పిల్లలు కూడా నిలబడి చూస్తుంటారు. తడిగుడ్డతో తుడవండి, ఊదకండి.

తర్వాత ఎయిర్ తీయడం. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మన కుడి చేతి బండ్లలో వరస సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. లోపల సీట్లో మా తమ్ముడు, కింద నేను. "కొట్టు... కొట్టు... కొట్టు... పట్టుకో!" అనగానే వాడు పెడల్ తొక్కి అలాగే పట్టుకోవాలి, నేను నిప్పల్ విప్పుతాను, సన్నపైపు గుండా సీసాలోకి బుడగలు పోతాయి, నిప్పల్ బిగించాక "వదులు" అంటాను. నేను బిగించకముందే వాడు కాలు తీశాడా, బయటి గాలి లోపలికి పోయి మొదటికొస్తుంది. మా వాడు ఫోను చూస్తూ ఒకసారి ఆ పనే చేశాడు, ఆ తర్వాత ఫోను నా జేబులో పెట్టుకున్నాకే పని సాగింది. మధ్యమధ్యలో పైన డబ్బాలో ఆయిల్ అడుక్కి పోకుండా చూసుకుంటూ ఉండాలి. నా బండిలో నాలుగు చక్రాలకీ ఒకే లైను, ఎక్కడ ఒక్క చోట పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుకని హ్యాండ్ బ్రేకు పనిచేయకపోయినా పర్లేదులే అనుకునే బండి కాదిది.

పెడల్ చాలా సంగతులు చెప్తుంది, కాలు పెట్టి వినాలంతే. మెత్తగా స్పాంజిలా దిగితే లైన్లో గాలి ఉంది. మొదటిసారి కిందికి పోయి రెండోసారి తొక్కితే పైకొచ్చి గట్టిగా ఆగితే షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నాయి, అడ్జస్ట్ చేయాలి. సిగ్నల్ దగ్గర కాలు అలాగే నొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా కారుడు లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయింది, కిట్టు మార్చాలి. తొక్కినప్పుడు కాలికి దడదడ కొడితే డ్రమ్ము గుండ్రం తప్పింది.

బ్రేకు ఆయిల్ గురించి మనవాళ్లకి శ్రద్ధ తక్కువ. తగ్గితే పోస్తారు తప్ప మార్చరు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ అంకె 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, తేమ పట్టాక 155. ఇవి ప్రమాణాల్లో రాసిన కనీస అంకెలు. మన కోస్తా ఉక్కపోతలో సీసా మూత తీసి పెట్టినా తేమ పడుతుంది. కోటప్పకొండ ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే ఆ తేమ ఆవిరై లైన్లో బుడగలవుతుంది, పెడల్ నేలకి ఆనుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అని పాత డ్రైవర్లు ఊరికే అనలేదు, ఇంజనే సగం బ్రేకు పని చేస్తుంది. రెండేళ్లకోసారి మొత్తం ఆయిల్ మార్చేయండి, అందులో ఇంజన్ ఆయిల్ లాంటి మినరల్ ఆయిల్ చుక్క కూడా పడనివ్వకండి, లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

ఇంతా అయ్యాక బండి తీస్తే, కార్బొరేటర్ మీద స్క్రూడ్రైవర్ కూడా పెట్టకుండానే, పికప్ వచ్చేసింది. వేడి ముల్లు మధ్యలో నిలబడింది. హైవే మీద లీటరుకి 13 దాటుతోంది.

ఒక్కటి మాత్రం పోలేదు. వేడిమీద ఆగిపోవడం. ఎండాకాలం మధ్యాహ్నం గుంటూరు నుంచి వస్తుంటే కాజ టోల్‌గేట్ క్యూలో ఆగింది. వెనకున్న లారీ డ్రైవరు దిగొచ్చి, "పెట్రోల్ పంపు వేడెక్కిందండీ, తడిగుడ్డ వెయ్యండి" అన్నాడు, నలుగురూ అదే అన్నారు. ఫియట్ అనగానే అందరికీ ఆ తడిగుడ్డే గుర్తొస్తుంది. అది అబద్ధం కూడా కాదు, ఇంజన్‌కి ఆనుకుని ఉండే మెకానికల్ పంపు కాబట్టి లోపల పెట్రోల్ ఆవిరై పంపు లాగలేకపోవడం నిజంగానే జరుగుతుంది. అయితే గుడ్డ తడిపేలోపు ఇంజన్ ఎలాగూ కొంత చల్లారుతుంది, కండెన్సర్ చల్లారుతుంది, కాయిల్ చల్లారుతుంది, స్టార్ట్ అయితే పేరు మాత్రం గుడ్డకి పోతుంది! అందుకే ఆగిన క్షణంలోనే, చల్లారకముందే చూడాలి. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ ఒక్కసారి లాగండి. సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే బౌల్‌లో పెట్రోల్ ఉన్నట్టే, పంపుని వదిలేయండి. నాదాంట్లో చిమ్మింది.

ఇక కరెంటు వైపు. డిస్ట్రిబ్యూటర్ క్యాపు మధ్యలోంచి కాయిల్ వైరు పీకి, ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, చివరని బ్లాకుకి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించాలి. చుట్టుపక్కల పెట్రోల్ కారి ఉంటే మాత్రం ఈ పని చేయకండి. నీలంగా, టప్పు టప్పుమని చప్పుడుతో కరెంటు దూకాలి. నాకు కనిపించింది పసుపుపచ్చగా, పల్చగా, చప్పుడు లేకుండా. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే చోట టెస్ట్ ల్యాంపు పెట్టి ఇంకోసారి సెల్ఫ్ కొడితే బల్బు ఆరి వెలుగుతోంది, అంటే కాయిల్ కరెంటుని కలిపి తెంపే పాయింట్లు తెరుచుకుని మూసుకుంటూనే ఉన్నాయి. (వెలుగుతూనే ఉండిపోతే పాయింట్లు కలవట్లేదు, లేదా వాటి మీద మసి పట్టింది. అసలు వెలగకపోతే కాయిల్‌కి కరెంటు రావట్లేదు, లేదా లోపల ఎక్కడో ఎర్త్ అవుతోంది.) క్యాపు తీసి చూస్తే పాయింట్ల మధ్య నీలం మెరుపులు. కండెన్సర్ చేయాల్సిన పని చేయనప్పుడే అవి అలా మెరుస్తాయి. స్పేర్ కండెన్సర్‌ని బిగించే ఓపిక లేక, దాని వైరు కాయిల్ నెగటివ్‌కి తగిలించి, బాడీని క్లిప్పుతో ఇంజన్‌కి ఎర్త్ చేశాను. వేడిమీదే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. పాత కండెన్సర్ లోపల షార్ట్ అయితే ఈ చిట్కా పనిచేయదు, అప్పుడు దాని వైరు ఊడదీయాల్సిందే. టోల్‌గేట్ క్యూలో వాళ్ల హారన్ల మధ్య అంతకంటే చెయ్యగలిగింది లేదు.

ఇంటికొచ్చాక పాయింట్లు కూడా మార్చి, గ్యాపు 0.45 మిల్లీమీటర్ల దగ్గర పెట్టాను. ప్లగ్గులకి 0.6. ఫీలర్ గేజి లేనప్పుడు మా మేస్త్రి విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క వాడతాడు, కొలిచి చూస్తే దాని మందం నిజంగానే 0.6 కంటే కొద్దిగా ఎక్కువ, ప్లగ్గుకి చక్కగా సరిపోతుంది. పాయింట్ల గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుతుంది, కాబట్టి ముందు గ్యాపు, ఆ తర్వాతే టైమింగ్.

పెట్రోల్ వైపు కూడా ఇప్పుడు కొత్త తలనొప్పి ఒకటుంది, ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. మన బండి తయారైన రోజుల రబ్బరు దానికి తట్టుకోదు. కార్బొరేటర్ బౌల్ విప్పితే అడుగున నల్లటి మెత్తటి రేణువులు కనిపించాయి, అవి పెట్రోల్ పైపు లోపలి రబ్బరు. ఇథనాల్ నీటిని కూడా పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి కదలని బండికి ట్యాంకులో తుప్పు, కార్బొరేటర్‌లో తెల్లటి బూడిద లాంటి పదార్థం తప్పవు. పైగా కిలో పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 చాలు, అందుకని కార్బొరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే పాత జెట్లతో మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. చోక్ కొంచెం లాగితే ఇంజన్ నున్నగా నడుస్తుంటే ఆ లక్షణమే. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, పంపు డయాఫ్రమ్ వేయించాను, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను, ప్లగ్గులు ఇప్పుడు లేత గోధుమరంగులో వస్తున్నాయి. మసిలా నల్లగా వస్తే రిచ్ అవుతోందని, అంటే పెట్రోల్ ఎక్కువని. అప్పుడు కూడా కార్బొరేటర్ విప్పేముందు చోక్ కేబుల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి. అరగంట నడిచాక ఆగి, ట్యాంకు మూత తియ్యగానే బుస్సుమని గాలి లోపలికి పోతే మూతకున్న గాలి బొక్క పూడుకుపోయింది, గుండుసూదితో అయిపోయే పని.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయాను. సెల్ఫ్ మెల్లగా తిరుగుతూ, చోక్ కేబుల్ వేడెక్కుతోందంటే బ్యాటరీ కొనకండి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగిపోయి, సెల్ఫ్ కరెంటంతా ఆ సన్నటి కేబుల్ గుండా పోతోంది. చోక్ కేబుల్‌కి పొగ రావడం చూసి మంటలనుకుని నీళ్లు పోసినవాళ్లున్నారు.

సామాను ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతున్నారు. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ 2003లో రిజిస్టర్ అయింది, అక్కడ ట్యాక్సీలకి ఇరవై ఏళ్ల పరిమితి ఉండడంతో 2023 అక్టోబరుతో అవి రోడ్డెక్కడం ఆగిపోయాయి. ఆ ట్యాక్సీలే ఇన్నాళ్లూ స్పేర్ల మార్కెట్‌ని నిలబెట్టాయని నా అంచనా, ఇకముందు కొత్త సామాను ఇంకా తగ్గుతుంది. కాబట్టి వీల్ సిలిండర్ కిట్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు కనిపించినప్పుడే కొనిపెట్టుకోండి. డిక్కీలో మాత్రం ఎప్పుడూ ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, రోటర్, రెండు ప్లగ్గులు, మీటరు పెట్రోల్ పైపు, సీలు తియ్యని బ్రేకు ఆయిల్ సీసా, టెస్ట్ ల్యాంపు ఉండాలి. కండెన్సర్లు మాత్రం రెండు పెట్టుకోండి, ఇప్పుడొచ్చే కొత్తవి పెట్టెలోంచి తీసినరోజే పోతున్నాయి.